తేనెపెట్టెలకు 180 మీటర్లలో సెల్ టవర్: ముందు దేన్ని అనుమానించాలి?

ప్రశ్న: మా దగ్గర 24 మెల్లిఫెరా జాతి తేనెటీగల పెట్టెలుండేవి. ఎనిమిది నెలల కిందట వాటికి 180 మీటర్ల దూరంలో సెల్ టవర్ లేచింది. అప్పటినుంచి ఈగలు పలచబడుతున్నాయి. మేతకు వెళ్లినవాటిలో సగం తిరిగి రావడం లేదనిపిస్తోంది. ఆరు పెట్టెలు పూర్తిగా ఖాళీ అయ్యాయి. చుట్టుపక్కల పిచ్చుకలు కూడా కనబడటం లేదు. బరువు, ఉష్ణోగ్రత ఎప్పటికప్పుడు ఫోనుకు పంపే సిమ్ పరికరాన్ని రెండు పెట్టెల్లో అమర్చాం. పెట్టెలకు అల్యూమినియం జాలీ చుట్టమని ఒకరు, రేడియేషన్‌ను పీల్చేసే స్టిక్కర్లు అంటించమని ఇంకొకరు, చోటు మార్చెయ్యమని మరొకరు చెబుతున్నారు. ఏది చెయ్యమంటారు?

సమాధానం: ఆ మూడింటిలో ఏదీ ఇప్పుడే చేయకండి. ఈ వారంలో చేయాల్సిన పనులు వేరే రెండున్నాయి. పెట్టెల్లో పెట్టిన సిమ్ పరికరాన్ని బయటకు తీయడం ఒకటి, ఈగల ఒంటికి అంటుకుని వాటిని పీల్చే వరోవా నల్లిని లెక్కపెట్టడం రెండోది. టవర్ సంగతి ఆ తర్వాత. అంత దూరంలో ఉన్న టవర్ ఆరు పెట్టెలను ఖాళీ చేయగలదనడానికి ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో గట్టి ఆధారం లేదు. అలాగని రేడియో తరంగాలు పురుగులనూ పక్షులనూ ఏమీ చేయవని కొట్టిపారేయడమూ సరికాదు. ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత బలం, ఎంత దూరం? ఈ మూడూ అడగకుండా వాదించుకుంటే ఏ పక్షమైనా గెలిచినట్టే కనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. టవర్ మీది ఒక సెక్టార్ యాంటెన్నాకు 20 వాట్లు అందుతున్నాయనుకోండి. అది ఆ శక్తినంతా ఒకే వైపుకు తోస్తుంది కాబట్టి, దానికి ఎదురుగా ఉన్న చోట 1000 వాట్ల మూలంతో సమానమవుతుంది. క్షేత్ర బలం తెలియాలంటే ఈ వాట్లను 30తో గుణించి, వర్గమూలం తీసి, మీటర్లలో దూరంతో భాగించాలి. 30,000కు వర్గమూలం 173. దాన్ని 180తో భాగిస్తే మీటరుకు 0.96 వోల్టులు. యాంటెన్నా కిరణం సూటిగా తగిలినప్పుడు వచ్చే అంకె ఇది. మూడు నాలుగు బ్యాండ్లు ఒకేసారి నడుస్తుంటే ఇంచుమించు రెట్టింపు కావచ్చు. కిరణానికి పక్కగా ఉంటే అయిదో వంతుకో, పదో వంతుకో పడిపోతుంది. 30 మీటర్ల ఎత్తున, 6 డిగ్రీలు కిందికి వంచి బిగించిన యాంటెన్నా కిరణం నేలను తాకేది దాదాపు 285 మీటర్ల దగ్గర. అందుకే టవర్ పాదాల దగ్గర కంటే వందకూ మూడు వందలకూ మధ్యలో రీడింగ్ ఎక్కువ వస్తుంటుంది. మీ పెట్టెలు ఆ మధ్యలోనే ఉన్నాయి. 0.1 నుంచి 2 దాకా ఏదైనా రావచ్చు.

మనుషుల కోసం ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం సూచించిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు 41 వోల్టులు. ఆ అంకెతో పోలిస్తే మీ దగ్గరిది చాలా తక్కువే. కానీ ఆ పరిమితి మనిషి ఒళ్లు వేడెక్కకుండా ఉండేందుకు పెట్టింది, ఈగను చూసి పెట్టింది కాదు. కాబట్టి ‘అంతా పరిమితిలోనే ఉంది’ అని టవర్ వాళ్లిచ్చే కాగితం మీ ప్రశ్నకు జవాబు కాదు. ఆ మాట వాళ్లతో గట్టిగానే అనొచ్చు.

ఇదే సూత్రంలో ఇంట్లో వైఫై రౌటర్‌ను పెట్టి చూడండి. 100 మిల్లీవాట్ల రౌటర్ 1 మీటర్ దూరంలో ఇచ్చే బలం 1.73 వోల్టులు. 1000 వాట్ల సెక్టార్ 100 మీటర్లలో ఇచ్చేదీ అక్షరాలా అంతే. శక్తి పదివేల రెట్లు పెరిగినా, దూరం వంద రెట్లు పెరిగితే రెండూ చెల్లుకు చెల్లు.

ఇప్పుడు మీ సిమ్ పరికరం దగ్గరికి వద్దాం. అందులో సమాచారం పంపే భాగం మోడెమ్. అది 4జీది అయితే పూర్తి బలంతో పంపినప్పుడు 0.2 వాట్లు వదులుతుంది. 10 సెంటీమీటర్ల దూరంలో దాని బలం మీటరుకు దాదాపు 24 వోల్టులు. అది పాత 2జీ మోడెమ్ అయితే, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 2 వాట్ల దాకా పోతుంది. పంపే ఆ కాసేపు అదే దూరంలో 77 వోల్టులు. అంటే పంపే ఆ కాసేపు ఆ రెండు పెట్టెల్లోని పిల్ల ఫ్రేములకు, గుడ్లూ పిల్లలూ ఉండే చట్రాలకు, టవర్ నుంచి సూటిగా వచ్చే 0.96 వోల్టులకు పాతిక రెట్లు, అంతకు పైగా మీరు పెట్టిన పరికరం నుంచే అందుతుంది.

దీన్ని ముందు తీయమనడానికి ఇంకో కారణం ఉంది. ‘సెల్‌ఫోన్లు తేనెటీగలను చంపుతున్నాయి’ అని పత్రికల్లో వచ్చిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం టవర్ మీద చేసినవి కావు, పెట్టె లోపల ఫోన్ పెట్టి చేసినవి. 2011లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఫావ్ర్, ఫోన్లను పెట్టెలో ఉంచి కాల్ నడుపుతూ లోపలి శబ్దాన్ని రికార్డు చేశారు. కూలి ఈగలు పైపింగ్ అనే కూత పెట్టాయి. సాధారణంగా గుంపు లేచిపోయే ముందో, గూడు కలతపడ్డప్పుడో వినిపించే కూత అది. 2010లో చండీగఢ్‌లో శర్మ, కుమార్ చేసిన ప్రయోగంలో రోజుకు రెండుసార్లు, 15 నిమిషాల చొప్పున పెట్టెలో ఫోన్ నడిపితే రాణి గుడ్లు తగ్గాయి, మేతకు పోయే ఈగలూ తగ్గాయి. అయితే ఫోన్ పెట్టి నడిపిన పెట్టెలు రెండే. పెట్టెకూ పెట్టెకూ మామూలుగానే ఉండే తేడా ఎంత ఉంటుందో మీకు తెలుసు. రెండింటితో ఏదీ తేలదు. 2019లో జర్మనీలో ఓడెమర్ జంట చేసిన పని ఇంతకంటే పకడ్బందీగా ఉంది. రాణి గదుల పక్కనే ఫోన్ నడిపితే ప్యూపా దశ దాటి బయటికొచ్చే రాణుల సంఖ్య గణనీయంగా తగ్గింది. బయటపడ్డ రాణులు మాత్రం మామూలుగానే జత కట్టాయి, వాటి కాలనీలూ మామూలుగానే పెరిగాయి.

కాబట్టి మోడెమ్‌ను పెట్టె లోపలినుంచి తీసి, 2 నుంచి 3 మీటర్ల దూరంలో ఒక కర్రకు బిగించండి. లోపల సెన్సర్ మాత్రమే ఉండాలి, మధ్యలో తీగ. 2 మీటర్లకు పోయేసరికి 24 వోల్టులు 1.2కు దిగుతాయి. అయిదు నిమిషాలకోసారి పంపుతుంటే గంటకోసారికి మార్చండి. పెట్టె బరువు అయిదు నిమిషాల్లో ఏమీ మారిపోదు. సిగ్నల్ బాగా అందే చోట బిగించండి. సిగ్నల్ అందని మోడెమ్ గొంతు పెంచి అరుస్తుంది, అంటే పూర్తి బలానికి పోతుంది. రాణులను పెంచే పెట్టె ఉంటే దాని దగ్గర ఏ ట్రాన్స్‌మిటరూ వద్దు. ఫ్రేములు తీసి చూసేటప్పుడు చొక్కా జేబులో ఫోన్ ఉంటే ఏమవుతుందని అడిగేవాళ్లుంటారు. కొద్ది నిమిషాలకు ఏమీ కాదు.

నిజంగా టవర్ల దగ్గర చేసిన పరిశీలనలు ఏమంటున్నాయో కూడా చూడాలి. గ్రీసులోని లెస్వోస్, లిమ్నోస్ దీవుల్లో లాసరో బృందం పది టవర్ల దగ్గర 50, 100, 200, 400 మీటర్ల దూరాల్లో పురుగులను పట్టి లెక్కించి, 2016లో ఫలితాలు ప్రచురించింది. రేడియేషన్ ఎక్కువున్న చోట పెంకు పురుగులు, కందిరీగలు, పూల మీద వాలే సిర్ఫిడ్ జాతి ఈగలు తగ్గాయి. నేలలో గూడు కట్టే అడవి తేనెటీగలు మాత్రం పెరిగాయి. సీతాకోకచిలుకల్లో తేడా లేదు. టవర్ పురుగులన్నిటినీ తరిమేస్తుందని అనుకునేవారికీ, ఏమీ చేయదనేవారికీ ఇద్దరికీ ఇబ్బంది పెట్టే ఫలితమిది. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో వైఫై ఫ్రీక్వెన్సీలతో చేసిన ప్రయోగంలో పిల్లల ఎదుగుదల, ఈగల ఆయుష్షు మారలేదు. దీర్ఘకాలం తరంగాలు తగిలిన గూళ్లలోని ఈగలు దూరంగా వదిలితే ఇంటికి తిరిగి చేరడంలో మాత్రం వెనకబడ్డాయి. మీ ఫిర్యాదుకు దగ్గరగా ఉన్న ఫలితం ఇదొక్కటే. అందుకే టవర్‌ను నిర్దోషి అని వదిలేయడం లేదు, జాబితాలో కిందికి దించుతున్నాం.

వేడి గురించి భయపడక్కర్లేదు. బెల్జియంలో తేనెపెట్టెల దగ్గర పది చోట్ల కొలిస్తే సగటున మీటరుకు 0.06 వోల్టులు వచ్చాయి. ఆ బలానికి ఒక ఈగ ఒంట్లో ఇంకే శక్తి 0.1 నుంచి 0.7 నానోవాట్లని థీలెన్స్ బృందం 2020లో లెక్కగట్టింది. మీ దగ్గర 1 వోల్టు ఉంటే అది దాదాపు 280 రెట్లు పెరిగినా ఒక మైక్రోవాట్‌లో అయిదో వంతు దాటదు. ఎగురుతున్న ఈగ తన కండరాలతో ఖర్చు చేసేది పదుల మిల్లీవాట్లలో ఉంటుంది, అంటే లక్ష రెట్లకు పైగా ఎక్కువ. ఆ లెక్కల్లో పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ఈగ శరీరం సెంటీమీటరున్నర లోపే. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు కాబట్టి అది ఈగను దాదాపు పట్టించుకోకుండా దాటిపోతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగి తరంగదైర్ఘ్యం ఈగ పొడవుకు దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ శక్తి లోపల ఇంకుతుంది. అదే బలానికి 0.6 గిగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్‌కు వెళితే ఇంకే శక్తి నమూనాను బట్టి 16 నుంచి 121 రెట్లు పెరుగుతుందని అదే అధ్యయనం చెప్పింది. ఇది కంప్యూటర్ లెక్క. ఈగకు హాని జరిగిందని చూపిన ప్రయోగం కాదు. అయినా 26 గిగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్లు విరివిగా వచ్చే ముందు పురుగుల మీద సరైన ప్రయోగాలు జరగాలని అడగడానికి ఇది చాలిన కారణమే.

దిక్సూచి సంగతి కూడా జనం నోళ్లలో బాగా కలగాపులగం అయింది. వలస పక్షుల అయస్కాంత దిక్సూచిని రేడియో తరంగాలు చెడగొడతాయన్నది నిజం, చాలా గట్టి నిజం. ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మౌరిట్సెన్ బృందం రాబిన్ పక్షులను చెక్క గదుల్లో ఉంచితే అవి దిక్కు తేల్చుకోలేకపోయాయి. గదులకు అల్యూమినియం రేకు కొట్టి ఎర్త్ చేస్తే వెంటనే సరిగ్గా తిరిగాయి. ఎర్త్ తీసేస్తే మళ్లీ తడబడ్డాయి. 2014లో ఇది ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కానీ అక్కడ దోషి 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న విద్యుత్ రొద, అంటే ఏఎం రేడియో బ్యాండ్ చుట్టుపక్కల పరికరాలు చిమ్మే చెత్త. తర్వాతి ప్రయోగాల్లో 75–85 మెగాహెర్ట్జ్ దాకా ఆ ప్రభావం కనిపించింది, 140–150 మెగాహెర్ట్జ్ దగ్గర మాయమైంది. సెల్ టవర్లు అంతకు చాలా పైన, సాధారణంగా 700 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. కాబట్టి ఆ ప్రయోగాన్ని టవర్‌కు వ్యతిరేకంగా చూపడం చెల్లదు. తేనెటీగ ఇంటిదారికి ముఖ్యంగా ఆధారపడేది సూర్యుడి మీద, ఆకాశపు ధ్రువిత కాంతి మీద, దారిలోని గుర్తుల మీద.

ఇక వరోవా. ఎనిమిది నెలల్లో పలచబడి ఖాళీ అయ్యే మెల్లిఫెరా పెట్టె అంటే అనుభవమున్నవారెవరైనా మొదట నల్లినే అనుమానిస్తారు. పిల్ల ఫ్రేము మీదినుంచి, రాణి అందులో లేదని రెండుసార్లు చూసుకుని, 120 మిల్లీలీటర్ల గిన్నె నిండా ఈగలు దులపండి. అవి సుమారు 300 ఉంటాయి. మూతున్న సీసాలో వేసి, మునిగేలా 70 శాతం ఆల్కహాల్ పోసి, ఒక నిమిషం బాగా ఆడించి, జల్లెడలో వడకట్టి, కిందికి దిగిన గోధుమరంగు నల్లుల్ని లెక్కించండి. తొమ్మిది వస్తే నూటికి మూడు. అది దాటితే మందు వెంటనే. చక్కెర పొడితో కూడా ఈ లెక్క చేయొచ్చు, ఈగలు బతుకుతాయి, కానీ కొన్ని నల్లులు అంటుకుని ఉండిపోయి అంకె తక్కువ చూపిస్తుంది. ఒక పెట్టె చూసి ఊరుకోవద్దు, కనీసం ఆరింటిలో చూడండి. నల్లి మందుగా వాడే ఆక్సాలిక్ ఆమ్లం ఈగల ఒంటి మీది నల్లినే చంపుతుంది, మూతపడ్డ పిల్ల గదుల్లోకి చేరదు; గదుల నిండా పిల్లలున్నప్పుడు ఒక్కసారి వాడి పనైపోయిందనుకుంటే మూడు వారాల్లో మళ్లీ మొదటికే వస్తారు. ఫార్మిక్ ఆమ్లం మూతల్లోంచి దూరుతుంది కానీ పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు మించితే రాణికే ముప్పు.

ఖాళీ పెట్టెలను పారేయకముందే ఒకసారి తెరిచి చూడండి, అవి చాలా చెబుతాయి. గదుల పైగోడకు తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటే అది నల్లి రెట్ట. పెట్టె ముందు ముడుచుకుపోయిన రెక్కలతో పాకుతున్న ఈగలు కనిపించి ఉంటే నల్లి మోసుకొచ్చే రెక్కల వైరస్. పెట్టె ముందు రోజుకు వంద లోపు చచ్చిన ఈగలు పడటం మామూలే. ఒకేరోజు అయిదారు వందలు, అందులో చాలావాటికి నాలుక బయటికి చాచి ఉంటే పురుగుమందు పిచికారీని అనుమానించాలి. వాటిలో 300 దాకా వెంటనే కాగితం సంచిలో కట్టి ఫ్రీజర్లో పెట్టండి. ఎండలో రెండు రోజులు ఎండినవాటిలో మందు అవశేషాలు దొరక్కపోవచ్చు. మేతకు పోయినవి శవాలు కూడా మిగలకుండా తిరిగిరాకపోతేనూ పురుగుమందును మరచిపోవద్దు. థయామెథాక్సామ్ అనే పురుగుమందు చాలా తక్కువ మోతాదులో తగిలిన ఈగలు ఇంటిదారి తప్పుతాయని 2012లో ఫ్రాన్స్‌లో ఆన్రీ బృందం నిరూపించింది. ఒక్కో ఈగకు చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ అంటించి, అంటే రేడియో తరంగాలతోనే చదివి, ఆ సంగతి తేల్చారు. పూత అయిపోయిన కాలంలో రాణి గుడ్లు తగ్గించి గూడు చిన్నబడటం కూడా సహజమే. అందుకే నిరుడు ఇదే నెలలో ఎన్ని ఫ్రేములు నిండా ఈగలున్నాయో మీ పుస్తకంలో చూడండి, టవర్ రాకముందు నెలతో పోల్చకండి.

నల్లి తక్కువగానే ఉండి, పురుగుమందు జాడ లేకుండా, మోడెమ్ తీసేశాక కూడా పరిస్థితి మారకపోతే అప్పుడు కొలవడం మొదలుపెట్టండి. ఫోన్‌లోని ‘ఈఎంఎఫ్’ యాప్‌లను నమ్మకండి. అవి చాలావరకు ఫోన్‌లోని దిక్సూచి సెన్సర్‌ను చదివి భూమి అయస్కాంత క్షేత్రాన్నే చూపిస్తాయి. ఎక్కడ పెట్టినా 25 నుంచి 65 మైక్రోటెస్లా అంటుంది, ఇనుప పెట్టె పక్కకు తెస్తే ఎగిరిపడుతుంది. రేడియో తరంగాలను అది చూడనే చూడదు. మూడు అక్షాల ఆర్‌ఎఫ్ మీటర్ కావాలి, అంటే అన్ని దిక్కుల నుంచి వచ్చే రేడియో తరంగాలను కొలిచేది, మీ టవర్ వాడే పై బ్యాండ్ దాకా చదివేది. 3.5 గిగాహెర్ట్జ్ 5జీ ఉన్న చోట 3 దగ్గర ఆగిపోయే మీటరుతో లాభం లేదు. మీ ఫోన్‌ను కనీసం 20 మీటర్ల దూరంలో వదిలి, మీటర్‌ను చెయ్యి చాచి, మీ ఒళ్లు టవర్‌కు అడ్డం రాకుండా, పెట్టె ద్వారం ఎత్తులో పట్టుకోండి. ఒక్కో చోట ఆరు నిమిషాల సగటు తీయండి. పెద్ద అక్షరాల్లో కనిపించే గరిష్ఠ అంకె ఒక క్షణపు ఉబుకు మాత్రమే, దాన్ని రాసుకుని హడలిపోవద్దు. కొత్త 5జీ యాంటెన్నాలు వాడేవాళ్లు ఉన్న వైపుకే కిరణాన్ని తిప్పుతాయి కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం రద్దీలో, రెండు పూటలా కొలవాలి. యూనిట్లు కలిపేయడం అందరూ చేసే పొరపాటు. మీటరుకు 1 వోల్టు అంటే చదరపు మీటరుకు 2.65 మిల్లీవాట్లు. వోల్టు రెట్టింపైతే వాట్లు నాలుగింతలు.

జాలీ ఎందుకు వద్దన్నామంటే, అది సరిగ్గా కట్టడం కష్టం, కట్టినా ఇంటిదారి సమస్య తీరదు. ఈగ దారి వెతుక్కునేది పెట్టె బయట. జాలీ లోపల ఉన్న పిల్లలకే రక్షణ. పైగా జాలీ కళ్లు తరంగం పొడవులో పదో వంతుకు మించకూడదు, 3.5 గిగాహెర్ట్జ్‌కు 8 మిల్లీమీటర్లు, 26 గిగాహెర్ట్జ్‌కు 1 మిల్లీమీటరు. ద్వారం 10 మిల్లీమీటర్ల ఎత్తే కదా అనుకుంటారు, కానీ 150 మిల్లీమీటర్ల పొడవున్న చీలిక 1 గిగాహెర్ట్జ్ పైనున్న తరంగాలకు తెరిచిన తలుపే. దాన్ని 20 మిల్లీమీటర్ల ముక్కలుగా విడగొట్టాలి. అడుగు కూడా మూయాలి, అతుకుల దగ్గర లోహం లోహానికి తగలాలి. అల్యూమినియం మీద కరెంటు పారని ఆక్సైడ్ పొర ఉంటుంది, రంగు వేసిన జాలీ అయితే అసలే అంటదు. గాల్వనైజ్డ్ ఇనుప జాలీ నయం. లోపల ఫోన్ పెట్టి రింగ్ చేసి పరీక్షించేవాళ్లున్నారు. ఫోన్ అతి బలహీన సిగ్నల్‌కు కూడా మోగుతుంది, అది పరీక్ష కాదు. ఇంత చేస్తే మిగిలేది గాలి ఆడని, తేమ పట్టిన పెట్టె. అన్నిటికంటే ప్రమాదం, లోపల సిమ్ పరికరం ఉంచి పైన జాలీ చుట్టడం. మోడెమ్ పూర్తి బలానికి పోతుంది, ఆ తరంగాలు బయటికి పోలేక లోపలే కొట్టుకుంటాయి.

స్టిక్కర్ గురించి రెండు మాటలు చాలు. అది ఏదైనా పీల్చగలిగితే తన వెడల్పు మేరకే పీల్చాలి. పెట్టెకు మిగతా వైపులన్నీ అలాగే ఉంటాయి.

చోటు మార్చడం మాత్రం మంచి ఆలోచనే, పరీక్షగా చేస్తే. అన్నిటినీ ఒక్కసారి తరలించి అవి కోలుకుంటే, దానికి కారణం టవర్ దూరమవడమా, కొత్త చోటి పూతా, మందుల్లేని పొలాలా చెప్పలేరు. మిగిలిన 18 పెట్టెలను పిల్ల ఫ్రేముల సంఖ్యను బట్టి తొమ్మిది జంటలు చేయండి. నల్లి మందు అన్నిటికీ ఒకే రోజు. చీటీ వేసి ప్రతి జంటలో ఒకదాన్ని 5 కిలోమీటర్లకు పైన, ఇదే రకం పూత ఉండి టవర్ రీడింగ్ తక్కువున్న చోటికి పంపండి. అంతకంటే దగ్గరైతే పాత గుర్తుల మీదుగా ఈగలు పాత చోటికే వచ్చి గుమిగూడతాయి. ఉన్నచోటే ఉండే పెట్టెలను కూడా రాత్రి ద్వారం మూసి బండెక్కించి అంతసేపు తిప్పి దించండి, లేకపోతే ప్రయాణపు కుదుపు ఒక వర్గానికే పడుతుంది. 42 రోజులు ఆగండి. కూలి ఈగ గుడ్డు నుంచి బయటపడటానికి 21 రోజులు, అంటే రెండు తరాలు. ఆ తర్వాత రెండు వర్గాలనూ అటూ ఇటూ మార్చి ఇంకో 42 రోజులు. ఫ్రేము మీద 5 సెంటీమీటర్ల గళ్ల తీగ చట్రం పెట్టి మూతపడ్డ పిల్ల గళ్లను లెక్కించండి. లెక్కించేవారికి ఏ ఫ్రేము ఏ పెట్టెదో తెలియకూడదు. ఇంటిదారి పరీక్షకు పుప్పొడితో తిరిగొస్తున్న 50 ఈగలను పట్టి, వీపు మీద రంగు చుక్క పెట్టి, ఎండ ఉన్న రోజు 500 మీటర్ల దూరంలో వదిలి, రెండు గంటల్లో ఎన్ని వచ్చాయో చూడండి. దీన్ని టవర్ వైపు నుంచి ఒకసారి, అవతలి వైపు నుంచి ఒకసారి చేయాలి. తొమ్మిది జంటల్లో ఎనిమిదింటిలో టవర్ దగ్గరివే వెనకబడి, మార్చాక ఆ వెనకబాటూ వర్గం మారితే, అప్పుడు మీ అనుమానానికి కాళ్లొచ్చినట్టు. అయిదు, నాలుగుగా విడిపోతే టవర్‌ను వదిలేసి మేత మీద దృష్టి పెట్టండి.

పిచ్చుకల మీద మీ అనుమానం చాలామందికి ఉంది. స్పెయిన్, బెల్జియంలలో రేడియేషన్ ఎక్కువున్న చోట పిచ్చుకలు తక్కువ కనిపించాయని 2007లో వచ్చిన పరిశీలనలున్నాయి. అయితే యాంటెన్నాలు దట్టంగా ఉండేది చెట్లు తక్కువ, కట్టడాలు ఎక్కువ ఉన్న చోటే. ఏది దేనివల్లో ఆ లెక్క విడదీయలేదు. బ్రిటన్‌లో పిచ్చుకలు పడిపోవడం 1970ల చివర్లోనే మొదలైంది, జీఎస్ఎం ఫోన్లు వచ్చింది 1990ల్లో. పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేందుకు మెత్తటి పురుగులు దొరక్కపోవడం, చూరుల్లో సందులు మూసుకుపోవడం వాటికి అసలు దెబ్బ. 2018లో హేగ్ నగర పార్కులో దాదాపు మూడు వందల గోరింకజాతి పక్షులు చచ్చిపడితే 5జీ పరీక్షే కారణమని లోకమంతా పాకింది. ఆ పరీక్ష జరిగింది జూన్‌లో, పక్షులు చనిపోయింది అక్టోబరు, నవంబరుల్లో. గూడు పెట్టె కట్టాలనుకుంటే రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉంచండి, రెండు మూడు పెట్టెలు పక్కపక్కనే పెట్టండి, అవి గుంపుగా ఉండే పక్షులు. చుట్టూ ఉన్న కంచె మొక్కల మీద పురుగుమందు చల్లడం ఆపండి.

టవర్ వాళ్లతో మాట్లాడే అవకాశం వస్తే రేడియేషన్ కంటే ముందు అడగాల్సినవి దీపాలు, స్టే వైర్లు (టవర్ పడకుండా నేలకు లాగి కట్టే తీగలు). అమెరికా, కెనడాల్లో కమ్యూనికేషన్ టవర్లను ఢీకొని ఏటా 68 లక్షల పక్షులు చనిపోతున్నాయని 2012 నాటి అంచనా. అందులో ఎక్కువ భాగం ఎత్తయిన, స్టే వైర్లున్న టవర్ల దగ్గర, మబ్బు పట్టిన రాత్రుల్లో, నిలకడగా వెలిగే ఎర్రదీపాల చుట్టూ తిరిగి తిరిగి తీగలకు తగిలినవి. వాటిని వెలిగి ఆరే దీపాలుగా మారిస్తే చావులు 50 నుంచి 71 శాతం తగ్గాయని మిషిగన్‌లో కొలిచి చూపించారు. రాత్రిపూట పూలకొచ్చే పురుగుల సందర్శనలు వీధిదీపం లాంటి వెలుతురులో 62 శాతం తగ్గాయని 2017లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫలితం చెబుతోంది. మీ టవర్ కింద జెనరేటర్ షెడ్డుకు రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైట్ ఉంటే, మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సర్ పెట్టమనండి, దీపం ముఖం నేలకు తిప్పమనండి. పైన నిలకడగా వెలిగే ఎర్రదీపాలుంటే విమాన భద్రతా నియమాలకు లోబడి వెలిగి ఆరేవిగా మార్చమని రాతపూర్వకంగా అడగండి. స్టే వైర్లుంటే వాటికి పక్షులకు కనిపించే గుర్తులు తగిలించమని అదే ఉత్తరంలో రాయండి.